బాత్రూం గోడ చెమ్మ, డాబా కారడం, ఇంటినిండా మనుషులు: వానలకు ముందు ఏ పని చేయాలి, ఏది ఆపాలి

ఇది 2021 మే నెలలో, కోవిడ్ కర్ఫ్యూ రోజుల్లో, ఓ ఇల్లాలు రాసిన ఉత్తరానికి ఇచ్చిన జవాబు. మీరు రాసినదాన్నిబట్టి పరిస్థితి ఇదీ. రాజమండ్రిలో సొంత మేడ, పై అంతస్తులో మీరుంటున్నారు. పడకగదికీ దాని అటాచ్డ్ బాత్రూంకీ మధ్య గోడ నేల నుంచి మూడడుగుల ఎత్తు దాకా ఉబ్బింది, రంగు పెచ్చులుగా లేస్తోంది, తెల్లటి పొడి రాలుతోంది. అదే గదిలో సీలింగ్ మూలన పసుపుపచ్చ మచ్చ. మీ అత్తగారికి ఉబ్బసం. మీవారు ఏప్రిల్‌లో కోవిడ్ నుంచి కోలుకున్నారు, షుగర్ కూడా ఉంది. పిల్లలిద్దరికీ ఆన్‌లైన్ క్లాసులు, మీ ఇద్దరికీ ఇంటి నుంచే ఆఫీసు. మధ్యాహ్నం 12 దాటితే కర్ఫ్యూ, పెయింటర్లు రామంటున్నారు. మళ్లీ ఎవరికైనా పాజిటివ్ వస్తే విడిగా ఉంచడానికి బాత్రూం ఉన్న గది కూడా అదొక్కటే. ఇల్లంతా మీరే పుట్టీ పెట్టి రంగులేసుకోవచ్చా అని అడిగారు.

ఇల్లంతా వద్దు. నీళ్లు ఆపే పనులు రెండే: బాత్రూం టైళ్ల సందులు, డాబా. అవి మాత్రం తొలకరికి ముందే పూర్తి చేయండి. పుట్టీ, ప్రైమరు, రంగు మూడింటినీ కార్తీకమాసం దాకా ఆపండి. పెయింటర్లు రారని చెప్తున్న మాట కాదిది. తడి గోడకు పెట్టిన పుట్టీ ఎవరు పెట్టినా వానాకాలం దాటదు, మళ్లీ గీకాలి. ఆ గీకుడు దుమ్ము ఇప్పుడు మీ ఇంట్లో ఉన్న మనుషులు పీల్చదగింది కాదు. మామూలు రోజుల్లో అయితే పిల్లల్ని అమ్మమ్మగారింటికి పంపి, గది ఖాళీ చేసి పని పెట్టుకునేవారు. ఇప్పుడు అయిదుగురూ రోజంతా ఆ గోడల మధ్యే ఉంటున్నారు. కాబట్టి ఏ పని ముందు అన్నది గోడనుబట్టి ఎంతో, ఇంట్లోవాళ్ల ఊపిరినిబట్టి అంతే.

ముందు నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో తేల్చండి. మీది పై అంతస్తు కాబట్టి భూమిలోంచి ఎక్కే చెమ్మ కాదు. బాత్రూం నుంచి వచ్చేదే. అయితే పైపు కారుతోందా, స్నానం నీళ్లు టైళ్ల సందుల్లోంచి దిగుతున్నాయా అన్నది తేలాలి, ఎందుకంటే మొదటిది ప్లంబరు పని, రెండోది మీరు చేసుకోగలిగింది.

ఉబ్బిన చోటు అంచు వెంబడి పెన్సిలుతో గీత గీసి పక్కన తేదీ రాయండి. ఆ బాత్రూంలో నాలుగైదు రోజులు స్నానాలు మానేయండి, కానీ దానికి వెళ్లే నీటి వాల్వు మాత్రం తెరిచే ఉంచండి. గోడ చేతికి మునుపటి చల్లదనం తగలకుండా, గీకితే పొడి ముద్ద కట్టకుండా పొడిపొడిగా రాలుతుంటే తప్పు టైళ్ల సందులది. స్నానాలు మానేసినా గోడ అలాగే చల్లగా ఉండి, గీత దాటి చెమ్మ ముందుకు వెళ్తుంటే గోడలో పైపు కారుతున్నట్టే. దాన్ని ఇంకోరకంగా కూడా పట్టుకోవచ్చు: రాత్రి అందరూ పడుకున్నాక ట్యాంకులో నీటిమట్టం గుర్తు పెట్టి, తెల్లారి ఎవరూ ట్యాపు తిప్పకముందే చూడండి. మట్టం దిగి ఉంటే ముందు ఫ్లష్ ట్యాంకు అనుమానించండి. కమోడ్ లోపలి గోడకు పొడి టిష్యూ కాగితం అంటిస్తే, లోపల కారుతుంటే అది తడుస్తుంది. ఫ్లష్ బాగానే ఉండి మట్టం దిగుతుంటే పైపే.

మూడో అనుమానం నేలలోని నహానీ ట్రాప్, అంటే స్నానం నీళ్లు బయటికి పోయే జాలీ చోటు. పాలిథిన్ కవర్లో పాతగుడ్డ కుక్కి దాని నోరు బిగించి, నేల మీద అంగుళం ఎత్తు నీళ్లు నింపి, అందులో బట్టలకు వేసే నీలం నాలుగు చుక్కలు కలపండి. మూడు గంటల తర్వాత మట్టం చూడండి. గట్టిగా మూసిన నోట్లోంచి కాకుండా నీళ్లు తగ్గుతుంటే నేల సందుల్లోంచో, ట్రాప్ చుట్టూ ఉన్న సిమెంటులోంచో దిగుతున్నాయి. కింది వాటాలో సీలింగ్‌కి నీలిమరక కనిపిస్తే ఇక అనుమానమే లేదు.

టైళ్ల సందులే అని తేలితే పని మూడు రోజులది. శుక్రవారం రాత్రి ఆఖరి స్నానం, మంగళవారం పొద్దున మళ్లీ వాడకం. ఆ మూడు రోజులూ అందరూ రెండో బాత్రూం వాడుకోవాలి, కాబట్టి ఇంట్లో ఎవరికైనా ఒళ్లు వెచ్చగా ఉన్న వారంలో మొదలుపెట్టకండి. శనివారం పొద్దున 6 నుంచి 9 మధ్య పాత గ్రౌటు, అంటే టైళ్ల సందులు నింపిన మాలు, గీకండి. దానికి గ్రౌట్ గీకే బ్లేడు దొరక్కపోతే విరిగిన హాక్సా బ్లేడుకు ఒక చివర గుడ్డ చుట్టి వాడొచ్చు. 3 మిల్లీమీటర్ల లోతు చాలు. అంతకన్నా తక్కువ గీకితే కొత్తది పైపైనే అతుక్కుని ఏడాదిలో రేకులా లేస్తుంది. గీకేటప్పుడు సందుల్లో కొద్దిగా నీళ్లు చల్లితే దుమ్ము లేవదు. తర్వాత టూత్‌బ్రష్‌తో తోమి కడిగేసి, తలుపు దగ్గర టేబుల్ ఫ్యాను పెట్టి ఆదివారం దాకా ఆరనివ్వండి. ఎపాక్సీ గ్రౌటుకు సందు పొడిగా ఉండటం ముఖ్యం. మేస్త్రీలు చేసే చోట కూడా ఎక్కువగా తప్పేది ఇక్కడే: పొద్దున కడిగి మధ్యాహ్నానికి నింపేస్తారు.

ఎపాక్సీ గ్రౌటు పాకెట్లో రెజిన్, హార్డెనర్, పొడి మూడూ విడివిడిగా ఉంటాయి. అడుగు టైళ్లు వేసిన 7×5 అడుగుల బాత్రూంకి నేల, గోడల కింది వరస కలిపి 1 కిలో సరిపోతుంది. మూడడుగుల ఎత్తు దాకా నింపాలంటే 2 కిలోలు. మొత్తం ఒకేసారి కలపకండి. ఈ ఎండల్లో అరగంటకే బిగుసుకుపోతుంది. చిన్న డిజిటల్ కాటా పెట్టుకుని పాకెట్ మీది పాళ్ల ప్రకారం మూడో వంతు చొప్పున కలపండి. పాళ్లు అంచనాగా వేస్తే అది ఎప్పటికీ గట్టిపడదు, జిగురుగానే మిగిలిపోతుంది. రబ్బరు ఫ్లోటుతో సందుకు అడ్డంగా, ఏటవాలుగా లాగండి. సందు వెంబడే లాగితే నింపిందే బయటికి వచ్చేస్తుంది. పావుగంటకు తడి స్పాంజీతో టైళ్ల మీది మరక తుడిచేయాలి, ఎండిపోయాక అది ఊడదు. చేతికి గ్లవ్స్ తప్పనిసరి, హార్డెనర్ చర్మానికి పడదు. గోడా నేలా కలిసే మూల, కమోడ్ అడుగు చుట్టూ, ట్యాపులు గోడలోకి వెళ్లే చోట మాత్రం గ్రౌటు కాదు, సిలికాన్ సీలెంట్ పెట్టాలి. ఆ చోట్లు కొద్దిగా కదులుతూ ఉంటాయి, గట్టి గ్రౌటు పగులుతుంది. 280 మిల్లీలీటర్ల ట్యూబు ఒకటి చాలు. 24 గంటలు నీళ్లు తగలనివ్వకండి.

ఈ బాత్రూం గురించే ఇంకో మాట, ఇది ప్రాణాల మాట. ఇప్పుడు ప్రతి ఇంట్లో హైపోక్లోరైట్ ద్రావణమో బ్లీచింగ్ పౌడరో ఉంది. టైళ్ల మీది సిమెంటు మరకలకు యాసిడ్ వాడే అలవాటూ ఉంది. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. కిటికీ మూసిన చిన్న బాత్రూంలో అది ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. టాయిలెట్ క్లీనర్లలో చాలావాటిలో కూడా యాసిడే ఉంటుంది. పని జరిగే వారం బాత్రూంలో రెంటిలో ఒకటే ఉంచండి, రెండోది గడప దాటించేయండి.

ఇక డాబా. సీలింగ్ మచ్చ మూలలో ఉందన్నారు కాబట్టి పైన సరిగ్గా ఆ చోట పిట్టగోడ, స్లాబు కలిసే మూల చూడండి. ఆ మూలే మొదటి అనుమానం. అక్కడ మేస్త్రీలు గుండ్రంగా తీసే గోలా చీలి ఉంటుంది. తర్వాత వాన నీటి గొట్టం నోరు, ఆ తర్వాత ట్యాంకు పొంగి నీళ్లు పడే చోటు. గొట్టం నోటి దగ్గర ఆకులూ మట్టీ పేరుకుని నీళ్లు నిలుస్తుంటే, అది శుభ్రం చేయడంతోనే సగం కారుడు ఆగొచ్చు. ఇనుప చువ్వలు బయటపడి తుప్పు పట్టి ఉన్నా, పగులు దూలం వెంబడి సాగినా, లేదా 5 మిల్లీమీటర్ల కన్నా వెడల్పున్నా పై పూతలతో కప్పకండి. ఇంజనీరు చూడాలి, అప్పటిదాకా ఆ మూల కింద మంచం వేయొద్దు.

సన్న పగుళ్లయితే ఇలా. పగులును ఉలితో ఆంగ్లాక్షరం 'వి' ఆకారంలో 5, 6 మిల్లీమీటర్లు తెరవండి. దులిపి, కొద్దిగా తడిపి, పగుళ్లు నింపే అక్రిలిక్ పేస్టుతో గట్టిగా నొక్కి నింపండి. సందు లోతుగా ఉంటే ఒకేసారి కాకుండా రెండు పొరలుగా, మధ్యలో ఒక రోజు ఆరనిచ్చి పెట్టండి. మూల వెంబడి వాటర్‌ప్రూఫ్ పూత ఒక చేయి వేసి, అది తడిగా ఉండగానే అర్ధ అడుగు వెడల్పు ఫైబర్ మెష్ పరిచి, స్లాబు మీద మూడంగుళాలు, పిట్టగోడ మీద మూడంగుళాలు వచ్చేలా నొక్కి, ఆరాక దాని మీద ఇంకో రెండు చేతులు వేయండి. ఒక పూత నిలువుగా, ఒకటి అడ్డంగా. వేళ ముఖ్యం. మే ఎండలో పది గంటలకే స్లాబు కాలుతుంది. వేడి స్లాబు మీద పూత పైన తోలు కట్టి లోపల తడి ఆగిపోతుంది, తర్వాత బుడగలు లేచి ఊడుతుంది. కర్ఫ్యూకి సొంత డాబాతో పనిలేదు కాబట్టి తెల్లవారుజామున 5 నుంచి 8 లోపు చేయండి, లేదా సాయంత్రం ఎండ తగ్గాక. పూత తర్వాత ఒక రోజు వాన పడకూడదు, సాయంత్రం గాలివానలు వచ్చే రోజులివి, మబ్బు చూసుకోండి.

డాబా పని మాత్రం మేస్త్రీకి ఇవ్వొచ్చు. మీకు బయట మెట్లున్నాయన్నారు, అతను ఇంట్లో అడుగు పెట్టనక్కర్లేదు. పొద్దున 6 నుంచి 11 దాకా పని చేసి 12 లోపు ఇల్లు చేరేలా మాట్లాడుకోండి. పూట పనే చేసినా రోజు కూలీ పూర్తిగా ఇవ్వండి. ఈ రెండు నెలలుగా పనుల్లేక వాళ్లు పడుతున్న ఇబ్బంది చిన్నది కాదు. సామాను డాబా మీదే పెట్టించండి, కడుక్కోవడానికి బకెట్, సబ్బు పైనే ఉంచండి.

ఇప్పుడు ఆ ఉబ్బిన గోడ. నీళ్లు ఆగాక దాన్ని విప్పి, అంటే లేచిన పెచ్చులు గీకేసి, వదిలేయాలి, అంతే. విప్పడం ఒక పొద్దున్న పని. ఆ రోజు అత్తగారు, మీవారు ఇంటికి అవతలి కొసన ఉన్న గదిలో తలుపేసుకుని ఉండాలి. పని మీరు చేయండి, మీవారు వద్దు. గోడ మీద నల్లగా పట్టే బూజూ, ఈ నెలంతా పేపర్లు భయపెడుతున్న బ్లాక్ ఫంగసూ ఒకటి కాదు. కానీ షుగర్ ఉండి, కోవిడ్‌కి స్టెరాయిడ్లు వాడి కోలుకున్నవాళ్లు దుమ్ముకూ బూజుకూ దూరంగా ఉండాలన్న జాగ్రత్త మాత్రం నిజం. దుమ్ము రేగే నిర్మాణ స్థలాలకు వెళ్తే మాస్కు పెట్టుకోమని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2021 మే నెల సూచనల్లోనే చెప్పింది. గోడ గీకుతున్న గది కూడా నిర్మాణ స్థలమే.

గది నుంచి బట్టలు, పరుపులు తీసేయండి, మంచం మీద పాత దుప్పటి కప్పండి. సీలింగ్ ఫ్యాన్, ఏసీ ఆపండి. ఏసీ లోపలి యూనిట్‌కి కవరు కట్టండి, లేకపోతే దుమ్మంతా లాక్కుని నెల్లాళ్లు మళ్లీ వదులుతూ ఉంటుంది. టేబుల్ ఫ్యాను కిటికీలో బయటివైపు తిప్పి పెట్టండి. గది తలుపు కింద తడిగుడ్డ. మూతికి ఎన్‌95, సర్జికల్ మాస్కు పక్కల నుంచి దుమ్ము పోనిస్తుంది. అదే గోడకు స్విచ్‌బోర్డు ఉంటే ఆ గది ఎంసీబీ (మెయిన్ బోర్డులో ఆ గదికి కరెంటు ఆపే స్విచ్చు) దించి, టెస్టరుతో చూసుకున్నాకే చేయి పెట్టండి. చెమ్మ గోడలో బోర్డుకు తాకినా షాకు కొట్టొచ్చు.

ముందు తెల్లటి ఉప్పు. దాన్ని తడిపితే కరిగి మళ్లీ గోడలోకే పోతుంది, కాబట్టి పొడి బ్రష్షుతో మెల్లగా కింద పరిచిన కాగితం మీదికి దులిపి, ఆ కాగితం మడిచి బయట పారేయండి. ఆ తర్వాత రంగు మీద స్ప్రే సీసాతో తేలిగ్గా నీళ్లు చల్లి, పుట్టీ బ్లేడుతో లేచినంత మేర, దాని చుట్టూ మరో అడుగు మేర గీకండి. నల్లబూజు ఉన్న చోట పొడిగా రుద్దొద్దు. ముందు 1 శాతం హైపోక్లోరైట్‌లో ముంచిన గుడ్డ పది నిమిషాలు అంటించి, తర్వాత తడిగుడ్డతో తుడవండి. బ్లేడు వెనక కొసతో గోడంతా తట్టి చూడండి. డొల్ల శబ్దం వచ్చిన చోట ప్లాస్టరింగు ఇటుకను వదిలేసిందని అర్థం. రాలి పడేలా ఉంటే కొట్టేయండి, గట్టిగా ఉంటే ఇప్పటికి వదిలేయండి. కొట్టేసిన చోట మళ్లీ పూయాలంటే 1కి 4 పాళ్ల మాలు. 10 చదరపు అడుగులకు అర అంగుళం మందాన సుమారు 5 కిలోల సిమెంటు, అదే డబ్బాతో కొలిచి నాలుగింతల ఇసుక. వాటర్‌ప్రూఫ్ ద్రవం సాధారణంగా 50 కిలోల బస్తాకు 200 మిల్లీలీటర్లు కలుపుతారు, అంటే మీకు 20 మిల్లీలీటర్లే. ఎక్కువ పోస్తే మేలు జరగదు. ఇసుక జల్లించుకోండి, సముద్రపు ఇసుక మాత్రం ఎవరు తెచ్చిస్తానన్నా వద్దు, అందులో ఉప్పుతోనే మళ్లీ పొంగుతుంది. వారం రోజులు రెండు పూటలా తడపాలి.

తర్వాత ఆ గోడను అలాగే వదలండి. ఇటుక గోడ ఒక వైపు నుంచి అంగుళం మందం ఆరడానికి నెల పడుతుందని మేస్త్రీల మోటు లెక్క. మీది నాలుగున్నర అంగుళాల గోడ, రెండో వైపు టైళ్లు, అటునుంచి ఆరే దారి లేదు. పైగా మధ్యలో వానాకాలం. కార్తీకం అన్నది అందుకే. మరీ వికారంగా ఉందనుకుంటే పుట్టీ కాదు, సున్నం వేయండి. పొడి సున్నం ముందురోజు నానబెట్టి, గుడ్డలో వడకట్టి, చిక్కటి మజ్జిగలా కలిపి ఒక చేయి కొట్టండి. సున్నంలోంచి గోడ ఆవిరి వదులుతుంది, బూజూ త్వరగా పట్టదు. కళ్లలో పడితే ప్రమాదం, కళ్లద్దాలు పెట్టుకునే వేయండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్, డిస్టెంపర్, వాల్‌పేపర్, 'చెమ్మ కనపడకుండా చేస్తాం' అనే పీవీసీ ప్యానెళ్లు, వీటిలో ఏదీ వద్దు. ప్యానెల్ వెనక బూజు పెరుగుతూ ఉంటుంది, వాసన వచ్చేదాకా తెలియదు. మంచం, బీరువా ఆ గోడకు అర్ధ అడుగు దూరం జరపండి, గాలి తగలాలి.

తలుపులు, కిటికీ ఊచలు పిల్లలతో గీకించి రంగేయిస్తే వాళ్లకూ కాలక్షేపమని రాశారు. అది మాత్రం వద్దే వద్దు. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు 1 నుంచే అమల్లోకి వచ్చింది. మీ ఇల్లు 2005 నాటిది. ఊచల మీది పాత ఎనామిల్ పొరల్లో సీసం ఉందనే అనుకోవాలి. పొడిగా ఉప్పుకాగితం పెట్టి రుద్దితే ఆ దుమ్ము నేల మీద, బొమ్మల మీద, చేతుల మీద పడుతుంది, పిల్లల మెదడు ఎదుగుదలకు అది చేటు. లేవని ఎనామిల్ జోలికి వెళ్లకపోవడమే మంచిది. తప్పనిసరైతే పెద్దవాళ్లు, వాటర్ పేపరుతో తడిగా రుద్ది, జారిన నీళ్లు కింద పరిచిన ప్లాస్టిక్ షీటు మీద పట్టి, చీపురు వాడకుండా సబ్బునీళ్ల గుడ్డతో తుడవాలి. పిల్లలకు వేరే పనులున్నాయి: మాస్కింగ్ టేపు అంటించడం, గ్రౌటు ఆరే సమయం పలక మీద రాసి చూసుకోవడం, పెన్సిలు గీత దగ్గర చెమ్మ ఎంత తగ్గిందో వారం వారం స్కేలుతో కొలవడం. పదేళ్ల పిల్ల ఈ ఆఖరి పని పెద్దవాళ్లకన్నా శ్రద్ధగా చేస్తుంది.

చప్పుడు చేసే పనులు క్లాసులు మొదలవకముందే, అంటే 8.30 లోపు ముగించండి. మీటింగులు లేని పూట తడి పనులు, తుడిచే పనులు.

పని రోజుల్లో ఒంటి సంగతి కూడా ఇంటి పనిలో భాగమే. కోవిడ్ తర్వాత చాలామందికి వాసన నెలల తరబడి సరిగా తెలియదు. మీవారికి అలా ఉంటే థిన్నరు వాసన, గ్యాస్ లీకు వాసన రెండూ ఆయనకు అందవు. థిన్నరు, టర్పెంటైన్ వాడే పని ఈ సీజన్లో అసలు పెట్టుకోకండి, ఎన్‌95 వాటి ఆవిరిని ఆపదు. ఇంట్లో ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ నడుస్తున్న రోజుల్లో అయితే థిన్నరూ వద్దు, దుమ్ము పనీ వద్దు, దాని ఫిల్టరు మూసుకుపోతుంది. శానిటైజర్ కూడా మండే వస్తువే, వంటగట్టు దగ్గర, పని సామాను దగ్గర పెట్టొద్దు. ఎమల్షన్ వేసిన గోడల మీద, ఫ్రెంచ్ పాలిష్ తలుపుల మీద దాన్ని కొడితే రంగు మెత్తబడి మరక పడుతుంది, తలుపు గొళ్లేలకు సబ్బునీళ్ల గుడ్డ చాలు. గీకిన రోజు ఎవరికైనా దగ్గు వస్తే దుమ్మేలే అని తోసేయకండి, జ్వరం చూడండి, పల్స్ ఆక్సీమీటరు పెట్టండి. పెట్టే ముందు గోటి మీది రంగు మరక, గోళ్ల రంగు కడిగేయండి. దానివల్ల అంకె తప్పు చూపిస్తుంది. శుభ్రమైన వేలికి 94 కన్నా తగ్గితే డాక్టరుకు ఫోన్ చేయాలి.

గది విషయం. మంగళవారానికి బాత్రూం తిరిగి వాడుకలోకి వస్తుంది, ఆ తర్వాతి వారమే గోడ విప్పండి, రెండూ ఒకేసారి వద్దు. అప్పుడు ఎప్పుడు అవసరం పడినా ఒక రోజులో ఆ గది సిద్ధమవుతుంది. ఈ నడుమ ఓ ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టుకోండి, 6 అంగుళాలది బాత్రూం వెంటిలేటర్లో సరిపోతుంది. గాలి బయటికి తోసేలా బిగించాలి, వెలిగించిన అగరుబత్తి పొగ అటు లాగుతుంటే సరిగా ఉన్నట్టు. రోగి ఉన్నప్పుడు గది తలుపు మూసి, గది కిటికీ తెరిచి, బాత్రూం తలుపు కొద్దిగా తీసి ఫ్యాను నడిపితే ఆ గాలి హాల్లోకి రాకుండా బయటికి పోతుంది. అదే ఫ్యాను మామూలు రోజుల్లో స్నానం తర్వాత ఇరవై నిమిషాలు తిరిగితే గోడ చెమ్మకూ మంచిదే.

సామాను ఒక్క పొద్దున వెళ్లి తెచ్చుకునేలా రాసుకోండి: ఎపాక్సీ గ్రౌటు 2 కిలోలు, రబ్బరు ఫ్లోటు, స్పాంజీలు రెండు, సిలికాన్ ట్యూబు, దాని గన్, పగుళ్ల పేస్టు 1 కిలో, డాబా పూత, మెష్ చుట్ట, నాలుగంగుళాల బ్రష్షులు రెండు, పుట్టీ బ్లేడులు రెండంగుళాలది ఒకటి, నాలుగంగుళాలది ఒకటి, వైరు బ్రష్షు, స్ప్రే సీసా, ప్లాస్టిక్ షీటు, గ్లవ్స్, పొడి సున్నం 2 కిలోలు. డాబా పూత ఎంత అన్నది కొనే ముందు డబ్బా మీద చూసి, కారే మూలకు మూడు వైపులా కనీసం ఆరేసి అడుగులకు లెక్కేసుకోండి.

ఆఫీసు బల్ల అడిగారు. చెమ్మ గోడకు కాకుండా హాలు గోడకు పెట్టుకోండి. 19 మిల్లీమీటర్ల ప్లైవుడ్ నాలుగడుగులు × అడుగున్నర, నేల నుంచి 29 అంగుళాల ఎత్తు, రెండు మడత బ్రాకెట్లు. 8 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్, అంతే సైజు ప్లాస్టిక్ ప్లగ్‌లు, రెండంగుళాల స్క్రూలు. స్విచ్‌బోర్డుకు నేరుగా పైనా కిందా రంధ్రం వేయకండి, వైర్లు అటే వెళ్తాయి. రెండు ల్యాప్‌టాప్‌లు, రౌటరు ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద ఉండొచ్చు, ఇస్త్రీపెట్టె మాత్రం అదే బోర్డుకు తగిలించొద్దు.

కార్తీకంలో రంగేసే ముందు గీకిన గోడకు అడుగు చదరం అల్యూమినియం ఫాయిల్ నాలుగు వైపులా టేపు వేసి రెండు రోజులు ఉంచండి. తీసినప్పుడు గోడవైపు చుక్కలుంటే ఇంకో నెల ఆగాలి. గదివైపు చుక్కలుంటే అది ఏసీ చల్లదనానికి గాలిలోంచి పట్టిన తేమ, గోడది కాదు. రెండు వైపులా పొడిగా ఉంటేనే పుట్టీ, అది కూడా తెల్ల సిమెంటు పుట్టీ. గీకిన మేరకే అయితే 5 కిలోల పాకెట్ చాలు. కిలోకు సుమారు 380 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, రెండు పొరలూ కలిపి 1.5 మిల్లీమీటర్లు దాటకుండా పెట్టండి. మీ 10×12 గది, పదడుగుల ఎత్తు, తలుపూ కిటికీ తీసేస్తే గోడలు 400 చదరపు అడుగులు: ప్రైమరు ఒక చేతికి 4 లీటర్లు, ఎమల్షన్ రెండు చేతులకు 6 నుంచి 7 లీటర్లు. నీళ్లు డబ్బా మీద రాసినంతే కలపండి, చేయికీ చేయికీ మధ్య నాలుగైదు గంటలు. తక్కువ వీఓసీ (గాలిలోకి ఆవిరయ్యే రసాయనాలు) అని రాసి ఉన్నది తీసుకోండి. అయినా అత్తగారు ఆ గదిలో వారం రోజులు పడుకోకుండా, కిటికీలు పగలంతా తెరిచి ఉంచండి.